చంకల చెమటకు సూదిమందు: పటిక నుంచి బొట్యులినం దాకా

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని కాటారం, మంథని నుంచి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం చేరే దారిలో, గోదావరికి దక్షిణాన అడవులకూ సాగుభూములకూ నడుమ నెలకొన్న మండల కేంద్రం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు అది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఒకవైపు తాడిచర్ల, మరోవైపు భూపాలపల్లి బొగ్గుగనులు, వాటి మధ్య వరి, పత్తి, మిరప చేలు గల ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం కొత్త సంగతి కాదు. రోహిణి కార్తెలో చెమట పట్టడం ఇక్కడ శరీర ధర్మం, చేసిన పనికి గుర్తు, వడదెబ్బ తగలకుండా ప్రాణాన్ని కాపాడే ఏర్పాటు. అందువల్లనే, చెమట రోగంగా పరిణమించిన మనిషి బాధ ఇటువంటి చోట ఎవరి కంటికీ ఆనదు. అందరి బట్టలూ తడిసే ఊరిలో ఒకరి చొక్కా మాఘమాసపు చలిలో, నీడపట్టున కూర్చున్నప్పుడు కూడా చంకల కింద తడిసి ఉంటే, ఆ తడి వేడి ఒంటి తత్వానికో, మనసులోని బెరుకుకో, ఇంకా అన్యాయంగా శుభ్రత లోపానికో అంటగట్టబడుతుంది. చంకల అతిచెమటకు ఇచ్చే సూదిమందు చరిత్ర అంటే, ఈ తడికి కారణం వేడిలోనూ మురికిలోనూ కాక నాడులలో ఉన్నదని వైద్యశాస్త్రం రెండు శతాబ్దాలపాటు మెల్లమెల్లగా గ్రహించిన చరిత్రే.

శరీరాన్ని చల్లబరచడానికి అవసరమైనదానికన్నా మించి చెమట పోయడాన్ని వైద్యులు హైపర్‌హైడ్రోసిస్ అంటారు. క్షయ, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, మధుమేహం వంటి మరో జబ్బు వల్లనో, వాడుతున్న ఏదో మందు వల్లనో వచ్చే చెమట ఒక తెగ కాగా, అటువంటి కారణమేదీ లేకుండా చంకలు, అరచేతులు, అరికాళ్లు, ముఖం వంటి కొన్ని చోట్లకే పరిమితమై వచ్చేది మరో తెగ. ఈ రెండవదానినే ప్రాథమిక అతిచెమట అంటారు. ఇది సాధారణంగా 25 ఏళ్లలోపే మొదలవుతుంది, రెండు చంకలలోనూ సమానంగా ఉంటుంది, తరచు కుటుంబంలో మరొకరికీ ఉంటుంది, అన్నిటికన్నా ముఖ్యంగా నిద్రలో ఆగిపోతుంది. పగలంతా కారిన చెమట నిద్ర పట్టగానే ఆరిపోతున్నదంటే, దాన్ని నడిపేది బయటి వేడి కాదనీ, మేలుకొని ఉన్న మెదడు పంపే ఆదేశమనీ అర్థం. క్షయరోగికి పట్టే చెమట ఇందుకు విరుద్ధంగా రాత్రివేళ పట్టేది కనుక, ఈ ఒక్క తేడా అడిగి తెలుసుకున్నా వైద్యునికి సగం నిర్ధారణ జరిగినట్లే.

మనిషి చర్మంలో 20 లక్షల నుంచి 40 లక్షల దాకా స్వేదగ్రంథులు ఉంటాయి. వాటిలో ఎక్రైన్ గ్రంథులు పలుచని ఉప్పునీటిని నేరుగా చర్మం మీదికి వదులుతాయి. చంకలలోనూ మరికొన్ని చోట్లనూ ఉండే అపోక్రైన్ గ్రంథులు వెంట్రుకల కుదుళ్లలోకి చిక్కని ద్రవాన్ని వదలగా, చర్మం మీది సూక్ష్మజీవులు దానిని విరిచివేయడం వల్ల వాసన పుడుతుంది. ఈ విభజన చేసినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు షీఫర్‌డెక్కర్, 1922లో. చొక్కాను తడిపేది ప్రధానంగా ఎక్రైన్ చెమట, ముక్కు మూసుకొనేలా చేసేది అపోక్రైన్ చెమట. అంటే అతిచెమట ఉన్నవాడు తప్పనిసరిగా దుర్వాసన గలవాడు కాడు, అయినా లోకం ఆ రెంటినీ ఒకటిగానే చూస్తూ వచ్చింది. జపాన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు యాస్ కునో 1934లో వెలువరించిన గ్రంథంలో వేడికి పట్టే చెమటనూ, మనసులోని ఒత్తిడికి పట్టే చెమటనూ స్పష్టంగా వేరు చేసి చూపాడు. అరచేయి ప్రధానంగా మనసు మాట వింటుంది, వీపు వేడి మాట వింటుంది, చంక మాత్రం రెండింటికీ లొంగుతుంది. వేడి ప్రదేశాలలో చంక చెమటను గురించిన అయోమయానికి మూలం ఇక్కడే ఉన్నది.

ఆయుర్వేదం స్వేదాన్ని మేదోధాతువుకు మలంగా, అంటే కొవ్వు ధాతువు పరిణామంలో మిగిలి బయటికి వచ్చే పదార్థంగా పరిగణించి, దాన్ని తీసుకుపోయే మార్గాలకు స్వేదవహ స్రోతస్సులని పేరు పెట్టింది. చెమట ఎక్కువైనప్పుడూ తక్కువైనప్పుడూ కలిగే లక్షణాలను ఆ శాస్త్రం గుర్తించింది. అయితే చెమట పట్టించడాన్నే, అంటే స్వేదకర్మనే, అది ఒక చికిత్సగా విస్తరించి చెప్పింది. ఇళ్లలోని వాడుక మరింత సూటిగా ఉండేది: నలుగుపిండితో ఒళ్లు రుద్దుకోవడం, గంధం పూసుకోవడం, వట్టివేళ్లు నానిన నీళ్లతో స్నానం చేయడం, చంకలకు పటిక రాసుకోవడం. వీటిలో పటిక సంగతి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. గడ్డం గీసిన తరువాత మంగలి చెంపలకు రుద్దే ఆ తెల్లటి స్ఫటికం అల్యూమినియం, పొటాషియంలు కలిసిన లవణం. చర్మాన్ని బిగబట్టించి చిన్న గాట్ల నుంచి కారే రక్తాన్ని ఆపే గుణమే చంకల చెమటను కొంతవరకు తగ్గించడానికీ పనికివచ్చింది. 1903లో అమెరికాలో ఎవర్‌డ్రై అనే పేరుతో అమ్మకానికి వచ్చిన చెమట నిరోధకంలో ఉన్నది కూడా అల్యూమినియం లవణమే, 1916లో స్టిలియన్స్ అనే వైద్యుడు అతిచెమటకు మందుగా వర్ణించిన 25 శాతం ద్రావణంలో ఉన్నదీ అదే. ఈ లవణాలు స్వేదనాళపు నోటిలో బిరడాగా గడ్డకట్టి చెమటను అడ్డుకుంటాయి. నేటికీ అతిచెమటకు మొదట రాసిచ్చే మందు అల్యూమినియం క్లోరైడే కనుక, పటిక రాసుకొమ్మన్న ఊరి పెద్దల సలహా తీసిపారేయవలసినది కాదు. కాకపోతే తీవ్రమైన జబ్బుకు ఆ బిరడా చాలదు, గాఢత పెంచితే చర్మం మండిపోతుంది.

నాడుల వైపు దారి చూపిన మొక్క కూడా తెలుగు నేలమీద ప్రతి చేనిగట్టునా పెరిగేదే. ఉమ్మెత్త విషం తలకెక్కినవారి కనుపాపలు విచ్చుకుంటాయి, నోరు పిడచకట్టుకుపోతుంది, మాటలు సంధిలోవాటిలా వస్తాయి, ఒళ్లు కాలిపోతున్నా చెమటచుక్క పుట్టదు. ఉమ్మెత్తలోనూ, ఐరోపాలో పెరిగే దాని దూరపు బంధువు బెల్లడొన్నాలోనూ ఉండే అట్రోపిన్ అనే రసాయనమే ఇందుకు కారణం. 19వ శతాబ్దపు వైద్యులు క్షయరోగుల రాత్రి చెమటలను ఆపడానికి దాన్ని వాడారు. అయితే ఇది శాస్త్రజ్ఞులకు ఒక చిక్కుముడి అయింది. స్వేదగ్రంథులకు వెళ్లే నాడులు సహానుభూత వ్యవస్థకు, అంటే గుండె వేగాన్ని పెంచి శరీరాన్ని ఆపదకు సిద్ధం చేసే నాడీవ్యవస్థకు చెందినవి. ఆ వ్యవస్థలోని నాడులు సాధారణంగా అడ్రినలిన్ వంటి పదార్థంతో పనిచేస్తాయి, వాటి మీద అట్రోపిన్‌కు పట్టు లేదు. మరి అట్రోపిన్ చెమటను ఎట్లా ఆపుతున్నది?

సమాధానం 1934లో లండన్‌లో దొరికింది. హెన్రీ డేల్, నాజీల పాలన నుంచి తప్పించుకొని ఇంగ్లండు చేరిన విల్‌హెల్మ్ ఫెల్డ్‌బర్గ్, పిల్లి పాదాల మెత్తలలోని స్వేదగ్రంథుల నాడులను ప్రేరేపించి, అప్పుడు విడుదలయ్యేది అడ్రినలిన్ జాతి పదార్థం కాదనీ, ఎసిటైల్‌కోలిన్ అనీ నిరూపించారు. నాడి కొస నుంచి వెలువడి, కండరానికో గ్రంథికో ఆజ్ఞను అందించే రసాయనాలను నాడీప్రసారకాలంటారు. ఎసిటైల్‌కోలిన్ అటువంటిది, ఎముకలను కదిలించే కండరాలకు ఆజ్ఞ అందేదీ దానితోనే. అంటే చేయి ఎత్తడానికీ, ఆ చేతి కింద చంకలో చెమట పట్టడానికీ నాడులు వాడే వాహకం ఒక్కటే. డేల్ 1936లో ఆటో లోవీతో కలిసి నోబెల్ బహుమానం అందుకున్నాడు. చెమట సూదిమందు సాధ్యమని ఈ పరిశోధనతోనే తర్కం చెప్పగలిగేది; ఆ తర్కాన్ని ఆచరణలో పెట్టడానికి మాత్రం మరో అరవై ఏళ్లు పట్టింది.

మరోవైపు శస్త్రవైద్యులు తమ దారి తాము తొక్కారు. 1920లో కొట్జరెఫ్ అనే వైద్యుడు ముఖపు అతిచెమటకు సహానుభూత నాడిని కోసివేశాడు. తరువాతి కాలంలో ఛాతీలోకి చిన్న గొట్టం పంపి ఆ పని చేయడం అలవాటైంది. అరచేతులకు ఇది బాగా పనిచేసినా, ఒకచోట ఆగిన చెమట వీపునో పొట్టనో తొడలనో మరింతగా కారడం చాలామందిలో కనిపించి, కొందరికి జబ్బుకన్నా చికిత్సే బరువైంది. చంకల చర్మంలోని గ్రంథులనే కోసి తీసివేసే పద్ధతి కూడా వచ్చింది కాని, మచ్చలు మిగిల్చింది.

సూదిమందులోని అసలు పదార్థపు కథ మరోచోట, మరో శతాబ్దంలో మొదలైంది. నెపోలియన్ యుద్ధాల వల్ల పేదరికం అలముకున్న జర్మన్ రాజ్యం వుర్టెంబర్గ్‌లో, సరిగా ఉడకని, సరిగా నిల్వచేయని పంది మాంసపు సాసేజ్‌లు తిని జనం చనిపోసాగారు. జిల్లా వైద్యుడూ కవీ అయిన యుస్టినుస్ కెర్నర్ ఆ మరణాలను ఒక్కొక్కటిగా నమోదు చేసి, 1820, 1822 సంవత్సరాలలో రెండు గ్రంథాలు ప్రకటించాడు. రెండవదానిలో 155 మంది రోగుల వివరాలు ఉన్నాయి. కనురెప్పలు వాలిపోవడం, మింగుడు పడకపోవడం, కండరాలు చచ్చుబడటం మాత్రమే కాక, కన్నీరు, ఉమ్మి, చెమట ఎండిపోవడాన్ని కూడా అతడు జాగ్రత్తగా గమనించాడు. రోగి తెలివి చివరిదాకా చెక్కుచెదరకుండా ఉండటం చూసి, ఈ విషం మెదడును కాక నాడుల సంకేతాలను దెబ్బతీస్తున్నదని నిర్ణయించాడు. జంతువుల మీద పరీక్షించడంతో తృప్తిపడక, ఆ విషాన్ని కొద్దిగా తన నాలుక మీదే వేసుకొని చూశాడు. ఆ పైన అతడు చేసిన ఊహ వైద్యచరిత్రలో అరుదైనది: అత్యల్ప మోతాదులో ఈ విషం, అదుపుతప్పిన నాడుల వల్ల కలిగే కదలికలకూ, శరీరద్రవాలు అతిగా స్రవించడానికీ మందు కాగలదని, చెమటను కూడా ఆ ద్రవాలలో చేర్చి, రాశాడు. సూక్ష్మజీవుల వల్ల జబ్బులు వస్తాయని వైద్యులకు తెలియని కాలంలో, కేవలం రోగి పక్కన కూర్చొని చూసిన చూపుతో అతడు ఈ మాట చెప్పగలిగాడు. ఆ పుస్తకాలను తరువాతి తరాలు సాసేజ్ విషం గురించిన హెచ్చరికగా చదివాయే కాని చికిత్సకు బీజంగా చదవలేదు.

1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్లెజెల్ గ్రామంలో ఒక అంత్యక్రియకు వాయించడానికి వచ్చిన వాద్యబృందం, ఉప్పులో ఊరబెట్టి పొగపట్టిన పంది తొడ మాంసం తిని జబ్బుపడగా ముగ్గురు మరణించారు. జర్మన్ సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాఖ్ శిష్యుడైన ఎమీల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసం నుంచీ మృతుల దేహాల నుంచీ విషం తయారుచేసే బాక్టీరియాను వేరు చేసి 1897లో ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. జబ్బు గాలిలో లేదనీ, మనిషి స్వభావంలో లేదనీ, చూపించదగిన ఒక జీవిలో ఉన్నదనీ ఆ కాలం నేర్చుకుంటున్న పాఠంలో ఈ రెండు ఆవిష్కరణలూ భాగమే. ఎర్మెంగెమ్ కనుగొన్న బాక్టీరియాను ఇప్పుడు క్లాస్ట్రిడియం బొట్యులినం అంటారు. గాలి తగలని చోట పెరిగే ఈ జీవి స్రవించే మాంసకృత్తు మనిషికి తెలిసిన విషాలన్నిటిలోకీ తీవ్రమైనది.

రెండవ ప్రపంచయుద్ధం ఆ విషాన్ని ఆయుధంగా చూసింది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రపు డెట్రిక్ సైనిక స్థావరంలో దాన్ని శుద్ధిచేసే పని జరిగి, 1946లో ఏ-రకం విషం స్ఫటిక రూపంలో లభించింది. అక్కడ పనిచేసిన ఎడ్వర్డ్ షాంట్జ్ తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, వైద్యులకు దాన్ని సరఫరా చేశాడు. 1949లో ఇంగ్లండులో బర్గెన్, డికెన్స్, జాట్‌మన్ అనే ముగ్గురు, ఈ విషం నాడి కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ విడుదలను ఆపుతుందని చూపారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మెల్లకన్నుకు కత్తి లేకుండా చికిత్స వెతుకుతున్న నేత్రవైద్యుడు అలన్ స్కాట్ 1973లో కోతుల మీద ఫలితాలు ప్రకటించి, ఆ దశాబ్దం చివర మనుషులకు ఇవ్వసాగాడు. 1989 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని మెల్లకన్నుకూ, కనురెప్పలు బలవంతంగా మూసుకుపోయే జబ్బుకూ అనుమతించింది. 1991లో హక్కులు కొన్న అలర్గన్ సంస్థ దానికి బొటాక్స్ అని పేరు పెట్టింది. షాంట్జ్ 1979లో తయారుచేసిన ఒకే దఫా సరుకు 1997 దాకా సూదులకు సరిపోయిందంటే, ఒక్కొక్క మోతాదులో ఉండే మందు ఎంత సూక్ష్మమో ఊహించవచ్చు.

చెమట మళ్లీ కథలోకి వచ్చింది రోగుల మాట వినడం వల్ల. ముఖంలో ఒకవైపు కండరాలు ఆగకుండా అదిరే జబ్బుకు సూది వేయించుకున్నవారికి ఆ వైపు చెమట తగ్గిందని గమనించిన ఖలాఫ్ బుషారా, పార్క్ అనే వైద్యులు 1994లో ఆ సంగతిని బ్రిటన్‌లో ప్రకటించి, చర్మంలోకి సూక్ష్మ మోతాదు ఎక్కించి చెమట ఆగుతుందని చూపారు. 1996లో తమ సహచరులతో కలిసి చంకల అతిచెమటకు ఇది కొత్త చికిత్స కావచ్చునని ప్రతిపాదించారు. కెర్నర్ ఊహకూ ఈ ప్రతిపాదనకూ మధ్య 174 ఏళ్లు గడిచాయి.

ఊహను రుజువుగా మార్చినవి 2001లో వెలువడిన రెండు అధ్యయనాలు. జర్మనీలో హెక్‌మన్ బృందం 145 మంది రోగులకు ఒక చంకలో మందునూ, రెండవ చంకలో మందులేని ద్రవాన్నీ ఎక్కించింది. ఎవరికి ఏ పక్క ఏది వేశారో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. మొదట నిమిషానికి సగటున 192 మిల్లీగ్రాములున్న చెమట రెండు వారాలకు మందు వేసిన చంకలో 24కు పడిపోగా, వేయని చంకలో 144 దగ్గర నిలిచింది. ఒకే మనిషి, ఒకే వాతావరణం, ఒకే మనసు, రెండు చంకలు. ఇంతకన్నా న్యాయమైన తూకం ఉండదు. నౌమన్, లోవ్‌ల నాయకత్వంలో 320 మందిపై జరిగిన రెండవ అధ్యయనంలో, చంకకు 50 యూనిట్ల చొప్పున మందు పొందినవారిలో 94 శాతానికి నాలుగు వారాలలో చెమట సగానికి పైగా తగ్గింది; ఉత్తుత్తి సూది పడినవారిలో 36 శాతానికే అంత తగ్గింది. ఇక్కడ యూనిట్ అంటే ప్రయోగశాల ఎలుకల మీద విష తీవ్రతను కొలిచి నిర్ణయించిన పరిమాణం. ఒక సంస్థ యూనిట్ మరో సంస్థ యూనిట్‌తో సమానం కాదు కనుక, పేరు మారితే మోతాదు లెక్కా మారుతుంది. 2004 జూలైలో అమెరికా నియంత్రణ సంస్థ, పూతమందులకు లొంగని తీవ్రమైన చంక చెమటకు బొటాక్స్‌ను అనుమతించింది.

ఈ లోపల విషం నాడిలో ఏం చేస్తుందో కూడా తేలింది. ఎసిటైల్‌కోలిన్ నాడి కొసలో చిన్న చిన్న తిత్తులలో నిండి ఉంటుంది. తిత్తి నాడి పొరకు అతుక్కొని తెరుచుకుంటేనే అది బయటపడుతుంది. ఆ అతుకుకు అవసరమైన స్నాప్-25 అనే మాంసకృత్తును ఏ-రకం విషం తెగ్గొడుతుందని 1993లో యాన్, జుడాఫ్‌ల బృందం చూపింది. థామస్ జుడాఫ్‌కు 2013లో నోబెల్ బహుమానం వచ్చింది. నాడి చావదు, గ్రంథి చావదు, ఆజ్ఞ మాత్రం అందదు. నాడి మెల్లగా తేరుకొని, సుమారు ఆరేడు నెలలకు చెమట తిరిగి వస్తుంది.

చికిత్స విధానం చెప్పుకోవడానికి సులువైనది. చంకను శుభ్రంచేసి ఆరబెట్టి, అయోడిన్ పూసి, ఆరిన తరువాత గంజిపిండి చల్లితే, చెమట పుట్టే చోటల్లా ముదురు నీలంగా మారుతుంది. మాస్కో నాడీవైద్యుడు విక్టర్ మైనర్ 1920ల చివర రూపొందించిన పరీక్ష ఇది. ఆ నీలి మేర మీద ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడంలో 10 నుంచి 15 చోట్ల, కండరంలోకి కాక చర్మం మందంలోకి, సన్నని సూదితో మందు ఎక్కిస్తారు. వారంలోపే ఫలితం కనిపిస్తుంది. పొడిచినచోట నొప్పి, కొద్దిగా కమిలిపోవడం సాధారణం. గర్భిణులకూ, మయస్థీనియా వంటి నాడీకండర జబ్బులున్నవారికీ ఇది వేయరు.

సౌందర్య చికిత్స కీర్తి ఈ మందుకు ఒక విధంగా అన్యాయం చేసింది. నొసటి ముడుతలకు 2002లో అనుమతి వచ్చాక బొటాక్స్ అంటే సినిమాతారల ముఖాలే గుర్తుకు వచ్చే స్థితి ఏర్పడి, పరీక్ష హాలులో జవాబుపత్రం తడిసిపోయే విద్యార్థికీ, పెళ్లిచూపులలో ముదురు రంగు చీరే కట్టుకోవలసివచ్చే ఆడపిల్లకూ అదే మందు వైద్యం కాగలదన్న సంగతి మరుగున పడింది. అతిచెమట ప్రాణం తీయదు నిజమే, కాని చేయి ఎత్తి పలకరించడానికి జంకే బతుకును అది మిగులుస్తుంది. అటువంటి బాధను విలాసాల ఖాతాలో వేయడం తప్పు.

కాటారం ప్రాంతానికి ఈ చరిత్ర ఇంకా పూర్తిగా చేరలేదు. 1959లో వరంగల్‌లో కాకతీయ వైద్యకళాశాల నెలకొన్న తరువాత చాలాకాలం, గోదావరి తీరపు ఈ మండలాలకు పెద్ద వైద్యమంటే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి, లేదా 200 కిలోమీటర్లకు పైబడిన దూరంలోని హైదరాబాద్. మహబూబాబాద్‌కు, రామగుండానికి 2022లోనూ, జనగామకు, భూపాలపల్లికి 2023లోనూ ప్రభుత్వ వైద్యకళాశాలలు రావడంతో దూరం తగ్గింది. అయినా ఈ మందు ఖరీదైనది, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో నిల్వ ఉండవలసినది, ఆరేడు నెలలకొకసారి తిరిగి వేయించుకోవలసినది. కూలికో గనిపనికో పోయే కుటుంబానికి ఈ మూడూ బరువే. 2018లో అమెరికాలో వచ్చిన గ్లైకోపిర్రోనియం తడి గుడ్డ, 2020లో జపాన్‌లో వచ్చిన సోఫ్‌పిరోనియం జెల్, అట్రోపిన్ మాదిరిగానే ఎసిటైల్‌కోలిన్ ఆజ్ఞను గ్రంథి దగ్గర అడ్డుకునే పూతమందులు. ఇంట్లోనే వాడుకోదగిన ఇటువంటివి చౌకగా లభిస్తే సూది అవసరం చాలామందికి తప్పవచ్చు. నిర్ధారణకు మాత్రం పట్నం పోనక్కరలేదు. నిద్రలో చెమట ఆగుతున్నదా అన్న ప్రశ్నకూ, క్షయా థైరాయిడ్ జబ్బూ మధుమేహమూ లేవని తేల్చే మామూలు పరీక్షలకూ, అయోడిన్‌కూ గంజిపిండికీ మండల ఆస్పత్రి చాలు. చంక చెమటతో వచ్చిన మనిషిని ఎండ వల్లనేలే అని పంపివేయకుండా కూర్చోబెట్టి అడిగే వైద్యుడు అక్కడ ఉంటే చాలు.